కారం తాగిన హోల్‌స్టర్

ఆమధ్య నన్నొక తుపాకి ఏడిపించిందండీ! అదీ నిజం తుపాకి కాదు, మా వీధి వడ్రంగి చెక్కిచ్చిన కొయ్య తుపాకి. నవ్వకండి. ముందు టీ తాగండి, చెప్తాను.

మా చీరాలలో ఏ ఇంట్లో చూసినా మగ్గం చప్పుడే కదా. వాటి మధ్య తోలు ముందేసుకుని కూర్చునేవాణ్ణి మా వీధి మొత్తానికి నేనొక్కణ్ణే. చెప్పులు, బెల్టులు, హ్యాండ్‌బ్యాగులు కుడుతుంటాను. సరదాకి ఒక బెల్టు ఫోటో నెట్‌లో పెడితే ఆస్ట్రేలియా నుంచి ఒకాయన పట్టుకున్నాడు. వాళ్ల దగ్గర ఒక పోటీ ఉందట. తల నెరిసిన పెద్దమనుషులు కూడా కౌబాయ్ టోపీలు, బూట్లు వేసుకుని, నడుముకి రెండు పక్కలా పిస్తోళ్లు కట్టుకుని, సర్రున లాగి ఇనప రేకుల మీద టపటపా కాలుస్తారట. తొందరగా ఎవరు ముగిస్తే వాళ్లు గెలిచినట్టు. ఆ పిస్తోలు పెట్టుకునే తోలు ఒరనే హోల్‌స్టర్ అంటారు. ఆయనకి తన కొలతల ప్రకారం ఒక బెల్టు, రెండు హోల్‌స్టర్లు కావాలి.

"ఏవండీ, ఆ వయసులో ఆయనకి ఇదేం పిచ్చి?" అంది మా ఆవిడ సుశీల.

"ఆయన పిచ్చే మన అన్నం, ఊరుకోవే" అన్నాను.

పైకి అలా అన్నా లోపల గుబులే. మధ్యలో ఏజెంటు లేకుండా, నా పేరు మీద వచ్చిన మొదటి బయటిదేశం ఆర్డర్ అది. అన్నీ అయ్యాక వీడియో కాల్‌లో పిస్తోలు ఎలా బయటికొస్తుందో చూపించాలి. ఆయన సరేనంటేనే పార్సిల్. నచ్చలేదా, ఆర్డర్ ఇంకొకళ్లకి, నేను మళ్లీ చెప్పుల దగ్గరికి.

హోల్‌స్టర్ కుట్టడం ఒక ఎత్తు, దానికి ఆకారం తేవడం ఇంకో ఎత్తు. కుట్టిన తోలుని నీళ్లలో నానబెట్టి, కొయ్య తుపాకి లోపల దూర్చి, వేళ్లతో నొక్కి నొక్కి ఒంపులన్నీ తేవాలి. తర్వాత నీడలో ఆరబెట్టాలి. ఆరేదాకా లోపల ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే ముడుచుకుపోతుంది. నా దగ్గర కొయ్య తుపాకి ఒక్కటే ఏడిసింది! కుడిపక్కది ఆకారానికి రాగానే తుపాకి తీసి ఎడమపక్కదాంట్లో పెట్టేశాను. మరి కుడిదాంట్లో ఏం పెట్టాలి?

ఎదురుగా గోతాం కనపడింది. మా బావమరిది శీను దర్శి దగ్గర పత్తీ మిరపా వేస్తాడు. దిండ్లకి పనికొస్తుందని గోతాం నిండా దూది పంపాడు. దేవుడే పంపాడనుకుని ఇంత దూది తీసి ఆ తడి హోల్‌స్టర్‌లో గట్టిగా కూరేశాను.

తుమ్మొచ్చింది. ఎలాగూ జలుబు చేసి ఉంది కదా అనుకున్నాను. వెంటనే ఇంకో నాలుగు. వంటింట్లోంచి సుశీల కూడా తుమ్మింది. "అంటించారుగా నాక్కూడా!" అని కేకేసింది. నాకేమో ముక్కు దిబ్బడేసి వాసనలే తెలియడం లేదు. మందు బిళ్ల వేసుకుని హాయిగా పడుకున్నాను.

తోలు బాగా ఆరింది. దూది తీసి పారేసి, పైన నూనె రాసి తుడిస్తే రెండూ మిలమిలలాడిపోయాయి. నాకే ముద్దొచ్చాయనుకోండి! మధ్యాహ్నం వీడియో కాల్. చప్పుడొస్తుందని ఫ్యాన్ ఆపేశాను. చీరాల ఎండ మీకు తెలుసుగా, చెమటలు కారిపోతున్నాయి. ఫోన్‌లో ఆయన టోపీతో సహా తయారుగా ఉన్నాడు.

బెల్టు నడుముకి కట్టుకున్నాను. ఎడమదాంట్లోంచి కొయ్య తుపాకి లాగాను. వెన్నలా వచ్చింది. "నైస్, వెరీ నైస్!" అన్నాడు. ఊపొచ్చింది నాకు. కుడిదాంట్లో పెట్టి లాగాను. మళ్లీ పెట్టి మళ్లీ లాగాను. హీరోలా ఒక చూపు కూడా చూశాను. చెమట కంట్లోకి దిగుతుంటే, ఆ చేత్తోనే కళ్లు గట్టిగా తుడుచుకున్నాను.

అంతే! భగ్గున మండిపోయాయి. కళ్లు తెరవలేను, మూయలేను. ముక్కు ధారాపాతం. గొంతులో ఏదో పడి ఒకటే దగ్గు.

"ఆర్ యూ క్రయింగ్, మై ఫ్రెండ్?" అన్నాడాయన.

నో సర్ అందామంటే నోట్లోంచి వెక్కిళ్లే వచ్చాయి. కాల్ పాడైపోయింది, ఆర్డర్ పోయింది అని భయమేసింది. ఏం చెయ్యాలో తోచక బెల్టు విప్పి హోల్‌స్టర్‌ని గుండెకి అదుముకుని దణ్ణం పెట్టాను. మసగ్గా కనపడింది, అవతల ఆయన టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు! "టేక్ యువర్ టైం" అని మెల్లగా అని ఫోన్ పెట్టేశాడు.

సుశీల చెంబుతో నీళ్లు తెచ్చి నా మొహాన కొట్టి, హోల్‌స్టర్‌ని ముక్కు దగ్గర పెట్టుకుని "అబ్బో, కారం!" అంది. వెంటనే శీనుకి ఫోన్ కొట్టాను.

"ఒరేయ్ శీనూ, దూది ఎందులో పంపావురా?"

"మిరపకాయలు తొక్కిన టిక్కీలో బావా. ఖాళీగా ఉందిగా. బాగా దులిపే పంపాను!"

"దులపంది నా కళ్లల్లో ఉందిరా!" అన్నాను. మనవైపు మిరప గోతాన్ని టిక్కీ అంటారని తెలుసు, దూదికి కూడా అదే వాడతారని నాకేం తెలుసు?

సాయంత్రానికి ఆయన దగ్గర్నుంచి మెసేజ్. 'చాలామంది దగ్గర తోలు పని చేయించుకున్నాను. చేసినదాన్ని వదల్లేక ఏడ్చినవాణ్ణి మొదటిసారి చూశాను. పంపించు' అని! నిజం చెప్పేద్దామని ఫోన్ తీశాను. ఆయన పెట్టుకునే ఒరలో గుంటూరు కారం ఉందని రాయడానికి చెయ్యి రాలేదు. అలాగని అది పంపితే పాపం, పోటీలో ఆయన గురి ఏమైపోవాలి? కడిగితే పోయే కారం కాదది. కుడిపక్కది మళ్లీ మొదట్నుంచి కుట్టి, ఈసారి పాత పేపర్లు కూరి, అప్పుడు పార్సిల్ కట్టాను.

ఆయనకి బ్రహ్మాండంగా నచ్చింది. ఆయన క్లబ్బులోనే ఇంకొకాయన ఆర్డర్ పెట్టాడు. నిన్నే ఆ కాల్ అయింది. చెమట లేదు, తుమ్ము లేదు. తుపాకి సర్రుమని వచ్చింది. ఒళ్లంతా గర్వంతో ఇంత నవ్వు నవ్వాను. కానీ ఆయన మొహం వాడిపోయింది.

"ఎనీ ప్రాబ్లం, సర్?" అన్నాను.

"మా ఫ్రెండ్‌ది ఇచ్చేటప్పుడు ఏడ్చావంట కదా," అన్నాడు ఇంగ్లీషులో, దిగులుగా. "నాది అంత బాగా కుదరలేదా?"

చూశారా! ఇన్నేళ్లు సూది పట్టుకున్న చేతికి రాని పేరు నా ఏడుపుకొచ్చింది. ఇక పనంటారా, అది ఎప్పుడో నేర్చుకున్నాను. ఇప్పుడు ఏడవడం నేర్చుకోవాలి.