అడగకుండా నింపిన వంతు

ఎనభైల చివర్లో జనగామలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి ఒకే ఒక్క కంప్యూటరు వచ్చింది. గుడికి పోయినట్టు చెప్పులు బయట విడిచి ఆ గదిలోకి వెళ్లేవాళ్లం. లెక్కల సారు, నేను కలిసి పిల్లల కోసం దాని మీద ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారుచేశాం.

తగాదా ఒక్క నియమం దగ్గర వచ్చింది. పట్టికలో అంకె వేయకుండా గడి ఖాళీగా వదిలేస్తే మిషను ఆగిపోయి 'ఎంత?' అని అడిగేది. నాకది ఒళ్లుమంట. ఒకే అంకెను వరుసగా ఇరవైసార్లు కొట్టాలా? ఖాళీ వదిలితే పై వరుసలోని అంకెనే తీసుకునేలా చేద్దామన్నాను. సారు ఒప్పుకోలేదు. వాళ్ల నాయిన నీరటి, ఊరి చెరువు కింద మడి మడికీ వంతులవారీగా నీళ్లు విడిచే మనిషి. ఎన్ని మడులున్నా ఒక్కొక్కరి వంతు పేరుపెట్టి పూర్తిగా చెప్పేవాడట. 'మిగిలినోళ్లకు గిట్లనే' అన్న మాట ఆయన నోట ఎన్నడూ రాలేదట.

"పని అల్కగైతదని అడుగుడే బంద్ చేస్తే ఎట్ల?" అన్నాడు సారు.

వారం రోజులు వాదించాను. ఆయనకు ఓపిక, నాకు నోరు. నోరే గెలిచింది.

ఆ యాసంగి పంటప్పుడు దేవరుప్పుల దగ్గరి మా ఊరివాళ్లు నీళ్ల వంతుల పట్టీ మిషను మీద చేసిమ్మన్నారు. గొప్పకు పోయి ఒప్పుకున్నాను. కాలువ చివర ఒక ముసలవ్వ మడి ఉంది. నీళ్లు అక్కడిదాకా పారేసరికే చాలాసేపు పడుతుంది గనక ఆమెకు ఎప్పుడూ ఎక్కువ గంటలిచ్చేవాళ్లు. ఎన్ని గంటలో ఆమెనే అడిగి వేద్దామని గడి ఖాళీగా వదిలాను, మరిచిపోయాను. పాత నియమమే ఉంటే మిషను ఆగేది. నా నియమం పై మడి రెండు గంటలనే ఆమెకూ వేసి, చప్పుడు లేకుండా అచ్చుకొట్టింది. నీళ్లు చాలడం లేదని అవ్వ మొత్తుకుంటే, మిషను రాసింది తప్పెట్లయితదని ఊళ్లో వాళ్లే ఆమె నోరు మూయించారు.

పొట్టకొచ్చిన వరి ఎండిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు పరుగెత్తాను. అవ్వ గట్టు మీద కూచుని ఉంది. తప్పు నాదేనని చెప్పి, ఎట్లా జరిగిందో చెప్పబోయాను. ఆమె వినలేదు.

"మిషనుకు నా మడి తెల్వకపాయె. నీకు తెల్వదా బిడ్డా?"

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడే ఆ నియమం తీసేశాను. సారు పక్కనే నిలబడ్డాడు. పరీక్షకని ఒక గడి ఖాళీగా వదిలి చూశాను. మిషను ఆగి, 'ఎంత?' అని అడిగింది. అవ్వను నేను అడగాల్సిన మాట అదొక్కటే.