మేరమ్మ మీద పాట

"అత్తా, మా అమ్మ మీద నువ్వే పాట కట్టాల. ఇంకెవురన్నా కడితే లేచొచ్చి తిడతది."

మేరీని మట్టి చేసి వచ్చిన మర్నాడు పొద్దున ఆమె కూతురు ఝాన్సీ ఎలీషబా వాకిట్లో నిలబడి ఈ మాట అడిగింది. అంట్లు తోముతున్న ఎలీషబా తలెత్తకుండానే "కడతాలే అమ్మా" అంది. ఝాన్సీ వెళ్లిపోయాక చేతిలో గిన్నె అట్లాగే ఉండిపోయింది. శనివారం సాయంత్రం మేరీ పేరున చర్చివాళ్ల ఆదరణ కూడిక. పాట కట్టి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తు లేదు.

తర్లుపాడు దాటాక, రోడ్డుకు లోపలగా ఉండే ఆ పల్లెలో ఎవరు కన్నుమూసినా కూడికలో ఒక సొంత పాట ఉండేది. పుస్తకంలోని పాటలు పరలోకం సంగతి చెబుతాయి. ఈ పాట మాత్రం పోయిన మనిషి సంగతి చెప్పాలి. ఎట్లా నవ్వేవాడు, ఏ కూర వండితే రెండోసారి పెట్టించుకునేవాడు, ఎవరి మీద అలిగేవాడు. అవన్నీ ఎలీషబా కట్టినవే. బైబిల్లో పెద్దక్షరాలు కూడబలుక్కోవడం తప్ప ఆమెకు చదువు లేదు. పాట నోట్లో పుట్టి నలుగురి నోళ్లలో ఉండేది, అంతే.

కట్టింది ఇంట్లో కూర్చుని కాదు. బడిపిల్లల రాతి పలకలు చేసే షెడ్డుకు కూలికి నడిచిపోయే దారిలో. ముందు మేరీ, ఆమె వెనక ఎలీషబా, ఆ వెనక మిగిలిన ఆడవాళ్లు. అడుగులే తాళం. ఎలీషబా ఒక మాట ఎత్తుకుంటే, దారిలో ముళ్లకంప కాలితో పక్కకు నెడుతూ, వెనక్కి తిరక్కుండానే మేరీ రెండో మాట అందుకునేది. పల్లెలో యోబు అనే ఆయన చనిపోయినప్పుడూ అంతే.

"మాట తప్పని యోబన్నా..." అని ఎలీషబా ఎత్తుకుంది.

"కల్లంగడి కాడ తప్ప," అంది మేరీ.

"ఊరుకో వదినా, సచ్చినోని మీద."

"సచ్చినోడు దేవుని కాడ ఉండాడు. దేవునికి తెల్వదా ఏంది?"

వెనక ఆడవాళ్లు క్యారేజీలు పట్టుకుని దారిలోనే కూలబడి నవ్వారు. ఆ కల్లు మాట పాటలో ఉండిపోయింది. కూడికలో యోబు భార్య రోశమ్మ వెక్కివెక్కి ఏడుస్తూనే సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఫక్కున నవ్వింది. ఏడుపు మధ్యలో మనిషిని ఒకసారి నవ్వించకపోతే అది ఆ పల్లెలో పాట కింద లెక్కే కాదు.

తర్వాత ఆటో వచ్చింది. వద్దని ఎవరంటారు? అక్కడి ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి మోకాళ్లు బిగుసుకుపోయిన ఆడవాళ్లకు అది వరమే. నడక తప్పితే పొద్దున గంటసేపు మిగులుతుందనుకున్నారు. ఒక్కరోజు మిగిలితే ఒట్టు. ఆటో ఉంది గదా అని షెడ్డువాళ్లు పనిని గంట ముందుకు జరిపారు. కూలి మాత్రం ఉన్నచోటే ఉంది. పేదవాళ్లు ఆదా చేసిన కాలమంతా ఎవరింటికి పోతుందో ఈ దేశంలో అడిగినవాడు లేడు. ఇక ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని పోయేటప్పుడు, డ్రైవరు పెట్టిన సినిమా పాటల హోరులో, పాట కట్టడం ఆగిపోయింది. ఆగిపోయిన సంగతి ఎవరూ గమనించలేదు, కట్టే మనిషితో సహా. చర్చిలోకి కీబోర్డు వచ్చింది. పోయినవాళ్లందరికీ అవే పుస్తకం పాటలు.

షెడ్డులో కూడా పలకల పని సన్నగిల్లి, పెద్ద ఇళ్ల గోడలకు అతికించే డిజైను రాళ్లు వచ్చాయి. మేరీని రాయి కోసే మిషను దగ్గర వేశారు. రెండేళ్లు తిరగకుండానే దగ్గు పట్టుకుంది. టి.బి. అన్నారు, మందులు మింగించారు, తగ్గలేదు. చివర్లో పండుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకునే నిద్రపోయేది. అది రాతి దుమ్మని పల్లెలో పసిపిల్లకు కూడా తెలుసు. అనవలసిన డాక్టర్లు మాత్రం ఆ మాట అనలేదు. షెడ్డు యజమాని కూడికకు బియ్యం మూట పంపించాడు.

ఎలీషబా రెండు రాత్రులు మంచంలో కూర్చుని పెదాలు కదిపి చూసింది. ఏమీ రాలేదు. శుక్రవారం పొద్దున ఆటోలో అడిగింది.

"వినయ్, ఆ పాట కొంచెం తగ్గించు నాయనా."

"తగ్గిస్తే నిద్రొస్తది పెద్దమ్మా. బండి గుంతలో పడితే నామీద గూడా పాట కట్టాల్సొస్తది," అన్నాడు డ్రైవరు వినయ్ కుమార్.

"నీ మీద ఏముందిరా కట్టనీకి, హారను తప్ప."

అందరూ నవ్వారు. అతను కొంచెం తగ్గించాడు. అప్పుడు ఇంజను మోత వినిపించింది. దానికి అడుగు లేదు, తాళం లేదు.

శనివారం ఆటో వచ్చి హారను కొడితే, "మీరు పోండి, నేను నడిచొస్తా" అంది. పిచ్చిపట్టిందా అన్నట్టు చూసి వాళ్లు వెళ్లిపోయారు.

పాత బాట సగం లేదు. సర్కారు తుమ్మ కమ్ముకుంది. ఒకచోట రాతి వ్యర్థాల గుట్ట అడ్డంగా పోశారు, చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. మోకాళ్లు పీకుతున్నాయి. ఆ గుట్ట దాటాక, అడుగు కుదురుకున్నాక, మొదటి మాట దానంతటది వచ్చింది. పైకే అనేసి, అలవాటు కొద్దీ ఆగింది. ముందు ఎవరూ లేరు. రెండో మాట కూడా తనే వెతుక్కుంది. ఒక చరణం అట్లాగే పోగేసింది. అంతలో షెడ్డు వచ్చేసింది.

"ఏందక్కా, ఆటో తప్పిందా?" అన్నాడు గేటు దగ్గర మేస్త్రి వీరాంజనేయులు.

"తప్పలా. నడిచొచ్చినా."

"ఈ కాలంలో నడిచేదేంది? పూట కూలి పాయె గదక్కా. అన్నాలయినాక రా లోపలికి."

మధ్యాహ్నం దాకా ఆమె గేటు బయట గోడ నీడన కూర్చుంది. రెండో చరణం ఇక్కడే కట్టుకుందామనుకుంది. లోపల మేరీ పనిచేసిన మిషను రాయిని కోస్తూనే ఉంది. ఆ మోతలో కట్టిన చరణం చెదిరిపోకుండా కాపాడుకోవడానికే సరిపోయింది.

సాయంత్రం షామియానా కింద, మేరీ ఆధార్ ఫొటోను పెద్దది చేసి పెట్టిన ఫ్లెక్సీ పక్కన, పాస్టరు సుందరరాజు అయ్యగారు మైకు అందుకున్నారు. "ఎలీషబమ్మ ఒక పాట పాడతాది. రెండు నిమిషాలేనమ్మా, వేరే ఊళ్ల దైవజనులు మాట్లాడాల."

"శ్రుతి ఏందక్కా?" అన్నాడు కీబోర్డు ముందున్న హరిబాబు.

"నువ్వు ఊరుకుంటే చాలు నాయనా."

ఆమె పాడింది.

*ముందు నడిచి ముళ్లు తీస్తివి మేరమ్మా*
*ఎనక నడిచేదాన్ని ఎట్ల మరిస్తివి మేరమ్మా*
*ఎవురింటి గోడకో ఎక్కిపాయె రాయి*
*నీ రొమ్ములో కూకునె దాని పొడి మేరమ్మా*

రెండో వరసలో కూర్చున్న మేస్త్రి తన చెప్పుల వైపు చూసుకున్నాడు. ఒకప్పుడు కలిసి నడిచిన ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఎలీషబా మైకు పట్టుకుని ఇంకాసేపు నిలబడింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. మైకు అయ్యగారి చేతికిచ్చి వచ్చి కూర్చుంది. ఆ రాతి పొడి మాట విన్నాక ఆయన వెంటనే ప్రార్థన ఎత్తుకున్నారు.

భోజనాలయ్యాక ఝాన్సీ వచ్చి పక్కన కూర్చుంది.

"అంతేనా అత్తా? మా అమ్మ ఎంత నవ్వించేది. పాటలో ఆ నవ్వే లేదేంది?"

"నవ్వే మాటలు కట్టేది ఆమెనే గదమ్మా. నాకు ఎప్పుడూ ఏడుపే వచ్చేది."

ఝాన్సీ ఫోను తీసి రికార్డు నొక్కి, "ఉన్నంతే పాడత్తా, నా కాడ ఉంటది" అంది.

ఎలీషబా గొంతు తగ్గించి నాలుగు వరసలూ పాడింది. చుట్టూ కుర్చీలు మడిచి ట్రాక్టరులో పడేస్తున్నారు. పాట అయిపోయినా ఝాన్సీ ఫోను ఆపలేదు. ఇంకేమన్నా వస్తుందేమోనని ముసలామె నోటి వైపే చూస్తూ, ఫోను అట్లాగే పట్టుకుని కూర్చుంది.