ఇర్ఫానా పెట్టిన సీసాల వరుస

ఇర్ఫానాది మా ఇంటికి మూడో ఇల్లు. ఇంటర్ చదివి, ఆరేళ్లుగా చీరలకు ఫాల్స్ కుడుతోంది. మనసు మాత్రం టీచరు కుర్చీ మీదే. రాప్తాడులో ఓ ప్రైవేటు బడి టీచరమ్మ కాన్పుకు వెళ్లడంతో ఆమె బదులు మూడు నెలల పాటు మనిషి కావాలన్నారు. "అయిదో తరగతికి ఒక్క పాఠం చెప్పి చూపించు, పిల్లలకు అర్థమైతే ఉద్యోగం నీదే" అని హెడ్ మేడమ్ ఓ కాగితం ఇచ్చింది. దాని మీద 'స్టాండ్ ఇన్ ఫర్' అని ఉంది. దాని అర్థం, అదే అర్థమిచ్చే ఇంకొన్ని మాటలు పిల్లలకు నేర్పాలి. అన్న జమీల్ అప్పుడే తేల్చేశాడు: "ఇదీ పోతే నా చికెన్ అంగట్లో కూచోని కోళ్లకు చెప్పుకో పాఠం."

మా వీధికి మూడు రోజులకోసారి నీళ్లొస్తాయి. ఆ పొద్దున ఎవరి బిందె వాళ్లు కొళాయి ముందు వరుసలో పెట్టి పనులకు పోతారు. బిందె లేకపోతే రాయి, రాయి లేకపోతే చెప్పు, ఏది పెట్టినా చెల్లుతుంది. ఇర్ఫానా మాత్రం బిందె పక్కనే నిలబడి గొణుగుతోంది. అదేంటో తెలుసుకోకుండా నేనెలా ఉంటాను?

"ఎవురిని తిడతాండావు పాపా?"

"తిట్టు కాదవ్వా, ఇంగ్లీషు. స్టాండ్ ఇన్ ఫర్ అంటే ఒకరి బదులు ఇంకొకరు నిలబడేది. ఫిల్ ఇన్ ఫర్ అన్నా అదే, టేక్ ద ప్లేస్ ఆఫ్ అన్నా అదే. కవర్ ఫర్ అని కూడా అంటారు."

"ఒక్క పనికి ఇన్ని మాటలా!" అంది వెనక బిందె తిప్పమ్మ. "మా ఇంటాయన లక్ష్మన్న పేకాడుకుంటాంటే, చేనికాడికి పోయినాడని మా అత్తకు నేను చెప్తా. అది దేంట్లోకొస్తాది?"

"కవర్ ఫర్‌లోకి, తిప్పక్కా. బదులు పని చేసేదీ అదే, తప్పు కప్పేదీ అదే."

"అట్లయితే ముప్పయ్యేండ్లుగా నేను ఇంగ్లీషే చేస్తాండా!"

అందరం పడీపడీ నవ్వాం. నవ్వు ఆగాక తిప్పమ్మ పుల్ల పెట్టింది. "ఎంతైనా నువ్వు బదులు టీచరువేలే, నిజం టీచరువు కాదు."

"నువ్వు ఇంట్లో రొట్టెలు కాలుస్తాంటే నీ బదులు నీ బిందె ఈడ నిలబడ్తాది కదక్కా. ఎవురన్నా దాన్ని జరిపితే ఊరుకుంటావా?" అని ఇర్ఫానా టక్కున ఆగిపోయింది. పాఠం దొరికినట్టుంది, కాగితం మడిచి జాకెట్లో దోపుకుంది.

బడికి తోడుగా నేనే వెళ్లాను. వరండాలో కూర్చోమన్నారు. కిటికీ పక్కన చోటు చూసుకున్నాను. ఇర్ఫానా ఎనిమిది మంది పిల్లల నీళ్ల సీసాలు తీసి బల్ల ముందు వరుసగా పెట్టింది. "ఇది కొళాయి. మీరు ఇంట్లో ఉన్నారు. మీ బదులు ఇక్కడ ఎవరున్నారు?" "సీసా!" అని అరిచారు. "ద బాటిల్ స్టాండ్స్ ఇన్ ఫర్ మి" అని అందరిచేతా అనిపించింది. మిగతా మాటలూ అలాగే నేర్పింది. వెనక బెంచీలో కూర్చున్న హెడ్ మేడమ్ తల ఊపుతోంది.

అక్కడికి ఆపి ఉంటే సరిపోయేది. "ఇప్పుడు నీళ్లొచ్చాయి!" అనేసింది ఇర్ఫానా. మా వైపు పిల్లల ముందు అనకూడని మాట అది. ఎనిమిది మందీ సీసాల మీద పడ్డారు.

"నాది ముందుండాది, ఎందుకు జరిపినావ్?"

"మొన్న మీయమ్మ మా బిందె జరపలేదా?"

ఒకరి జడ ఇంకొకరి చేతికొచ్చింది. హెడ్ మేడమ్ లేచి నిలబడింది. నా కళ్ల ముందు జమీల్ కోళ్లు కదిలాయి.

ఇర్ఫానా బల్ల మీద ఒక్కటి చరిచింది. "ముట్టుకున్నోళ్లు వరుస చివరికి!"

ఏ వీధి కొళాయి దగ్గరైనా చెల్లే చట్టం అది. ఎనిమిది జతల చేతులు ఒక్కసారిగా వెనక్కి పోయాయి.

జడ చెదిరిన పిల్లను హెడ్ మేడమ్ పిలిచింది. "ఏమైంది? ఇంగ్లీషులో చెప్పు."

ఆ పిల్ల వెక్కుతూనే అంది: "మై బాటిల్ స్టాండ్స్ ఇన్ ఫర్ మి, మిస్. ప్రతాప్ బాటిల్ టేక్ ద ప్లేస్ ఆఫ్ మై బాటిల్!"

హెడ్ మేడమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఈ బడిలో ఒకరు ఇంగ్లీషులో ఏడవడం ఇదే మొదలు" అంది నవ్వు ఆపుకుని. "సోమవారం నుంచి రామ్మా."

"మూడు నెలలేనా మేడమ్? ఇంకా…"

"ముందు ఆ సీసాలు ఎవరివి వాళ్లకు ఇప్పించు తల్లీ, తర్వాత మాట్లాడదాం."