మా బావ పాదాల మహిమ

మా బావ విఠల్‌రావు మొఘల్‌పురాలో ఒక చిన్న గుడికి అర్చకుడు. మంత్రాలకన్నా గొప్పలు గట్టిగా చదువుతాడు. ఇట్లా అనే హక్కు ఆయన మా అక్క మెడలో తాళి కట్టిన రోజే నాకు దక్కింది.

మొన్న మే నెలలో ఆయనకు కొత్త గొప్ప ఒకటి దొరికింది. గుడి ముందరి బండలు పెనంలా కాలుతుంటే భక్తులంతా గెంతుతూ ప్రదక్షిణలు చేస్తున్నారు. మా బావ మాత్రం ఆ బండల మీదే, నడి ఎండలో, ఒట్టి కాళ్లతో నిలబడి తీరిగ్గా కబుర్లు చెబుతున్నాడు.

"అయ్యగారూ, కాళ్లు కాల్తలేవా?" అని పూలమ్మే చంద్రమ్మ నోరు తెరిచింది.

"నిష్ఠ ఉన్నోనికి కాలయి," అన్నాడు బావ.

అంతే, గల్లీ అంతా ఆ కాళ్లకు మొక్కడం మొదలుపెట్టింది. అఫ్జల్‌గంజ్‌లో పప్పుల హోల్‌సేల్ వ్యాపారం చేసే సోమయ్యకు అది కంటగింపైంది. చెప్పులు విడిచి వచ్చి పక్క బండ మీద నిలబడి, "నాకు గూడ ఏం తెలుస్తలేదు పంతులూ!" అని చాటాడు. ఇద్దరూ ఎండలో ఎదురెదురుగా నిలబడి చెమటలు కక్కుతుంటే, మేం గొడుగులేసుకుని మరీ చూడబోయేవాళ్లం.

మా అక్క కోమలవల్లికి మాత్రం ఈ మహిమ మింగుడుపడలేదు. బావకు దాహం తగ్గదు, రాత్రి నిద్ర ఉండదు. "జర షుగర్ పరీక్ష చేయించుకోండ్రి," అని పోరుతూనే ఉంది. పొద్దున చక్కెర పొంగలి, సాయంత్రం రవ్వకేసరి లాగించే మనిషి ఏమన్నాడో తెలుసా?

"ప్రసాదంతోని షుగర్ వస్తదా ఏందే? అయినా నేను పోయి దవాఖానా లైన్ల నిలబడితే ఈడ నైవేద్యం ఎవరు పెడ్తరు?"

గుడికి ఆయన తప్ప ఇంకో మనిషి లేడన్నది నిజమే. కాదనడానికి లేకపోయేసరికి నాకు మరింత ఒళ్లు మండింది.

చివరికి అక్కే బస్తీ దవాఖానాకు వెళ్లి, నర్సు తనూజను బతిమాలి గుడి మండపానికి పిలుచుకొచ్చింది. గల్లీ అందరికీ పరీక్షలన్నారు. బావ వేలి నుంచి తీసిన రక్తం చుక్కకు మీటరు చూపిన అంకె చూడగానే నర్సు కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"అయ్యగారూ, కాళ్లల్ల తిమ్మిర్లు గిట్ల ఉన్నయా?"

"తిమ్మిర్లేంది? నాకు నిప్పు మీద నడిచినా తెలువది!"

"నాకు గూడ!" అని సోమయ్య చెయ్యెత్తాడు. మహిమలో తమకూ వాటా ఉందని వెనక వరసలో మరి ముగ్గురు ఎత్తారు.

నర్సు నవ్వలేదు. సన్నటి ప్లాస్టిక్ దారం ఒకటి తీసింది. "కండ్లు మూసుకోండ్రి. పాదానికి ఇది తాకినప్పుడల్లా చెప్పుండ్రి."

బావ ధ్యానంలోకి వెళ్లినట్టు కళ్లు మూసుకున్నాడు. చాలాసేపటికి విసుక్కున్నాడు. "ఇంక షురూ చేస్తలేవేంది బిడ్డా?"

"రెండు కాళ్లూ అయిపోయినయి."

జనం గొల్లుమన్నారు. నేనైతే స్తంభం పట్టుకుని నవ్వాను. ఈలోగా నర్సు ఆయన ఎడమ కాలు ఎత్తి మడమ చూసింది. కొబ్బరిచిప్ప పెచ్చు ఒకటి లోపలికంటా దిగి, చుట్టూ చీము పట్టి ఉంది. నవ్వులు ఆగిపోయాయి.

"షుగర్ మీ నరాలను పాడు చేసింది. గందుకే వేడి తెలుస్తలేదు, ఇది గుచ్చుకున్నది గూడ తెలువలే," అంది నర్సు. "ఇప్పుడు కడిగి కట్టు కడ్త. ఎంటనే పెద్ద దవాఖానాకు పోవాలె."

"కాలైతే ఉంటదా?" అన్నాడు బావ.

"ఆలస్యం చేస్తే చెప్పలేను."

సోమయ్య చప్పుడు చేయకుండా చెప్పులు తొడుక్కున్నాడు. నేను ఆటో కోసం పరుగెత్తి తిరిగొచ్చేసరికి నర్సు పుండు కడుగుతోంది. బావ నెత్తురు చూడలేడు. మొహం పైకెత్తి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. గొప్పలన్నీ ఎటుపోయాయో, గొంతు చిన్నపిల్లాడిదైపోయింది. నాకు ఏడుపొచ్చింది.

"కోమలా, యాడున్నవే? జర నా కాలు పట్టుకో. భయమైతున్నది."

అక్క అప్పటికే ఆ కాలు ఒడిలో పెట్టుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చుంది.