పెండ్లి పత్రిక తెరిచిన వైరస్ డాక్టరమ్మ

ఆ రోజుల్లో అనగానే ఏదో లాంతర్ల కాలం అనుకునేరు. నేను చెప్పేది మొన్నమొన్నటి సంగతే. అయినా అప్పటి నన్ను తలుచుకుంటే ఎవరో ఎరగని పిల్లలాగే అనిపిస్తుంది. కొత్తగా ఉద్యోగం. తిరుత్తణి పక్కనున్న మా పల్లె నుంచి పొద్దున్నే స్టేషనుకు పరిగెత్తి, రైలెక్కి, తిరువళ్లూరులో ఒక చిన్న ఆఫీసుకు పోయేదాన్ని. చేరిన రెండో నెలలో, ఫోన్లను దొంగల నుంచీ వైరస్‌ల నుంచీ ఎలా కాపాడుకోవాలో ఆఫీసువాళ్లు ఒక పూట క్లాసు పెట్టారు. చివర్లో టీ, సమోసా, ఒక సర్టిఫికెట్. సమోసా రైలెక్కేలోపే అరిగిపోయింది గానీ, సర్టిఫికెట్ మాత్రం నేరుగా తలకెక్కింది.

ఆ రోజు నుంచి ఇంట్లో అన్నాలు తినేటప్పుడు కూడా పాఠాలే. తెలియని లింకు నొక్కరాదు, ఓటీపీ దేవుడడిగినా చెప్పరాదు, ప్లే స్టోర్‌లో కాకుండా బయట నుంచి వచ్చే యాప్‌ను ఫోన్లోకి రానీయరాదు, ఫోటోలకు బ్యాకప్ పెట్టుకోవాలి. అమ్మానాయనలకు కలిపి ఉన్న ఒక్క ఫోనుకు పన్నెండక్షరాల పాస్‌వర్డ్ పెట్టాను. పెద్దవీ, చిన్నవీ, అంకెలూ, నానారకాల గుర్తులూ కలిపి. "యాడా రాసి పెట్టుకోవద్దు నాయనా" అని ఒట్టు కూడా వేయించుకున్నాను. నేను మాత్రం దాన్ని నా ఫోన్లో భద్రంగా దాచుకున్నాను. ఊళ్లో నన్ను 'వైరస్ డాక్టరమ్మ' అనడం మొదలుపెట్టారు. అది ఎగతాళి అని తెలియక కొన్నాళ్లు మురిసిపోయాను.

ఒక ఆదివారం పొద్దున పాండూరులో ఉండే మా మేనమామ నంబరు నుంచి వాట్సాప్‌లో ఒక ఫైలు వచ్చింది. 'మా ఇంటి పెండ్లి. పత్రిక తెరిచి చూసి తప్పక రావల్ల.' మామ ఇంట్లో పెండ్లి కావలసింది ఒక్కడే, మల్లెతోట చూసుకునే మా బావ. (ఈ బావ గురించి ఒక మాట చెప్పాలి. నాతో నాలుగు మాటలు మాట్లాడడానికి నలభై సార్లు గొంతు సవరించుకునే మనిషి. నేనేమో ఆ దగ్గుల కోసమే పాండూరు పోయేదాన్ని.) బావకు తిరుపతి సంబంధం చూస్తున్నారని అమ్మ అంతకు వారం ముందే అంది. పెండ్లికూతురి పేరు చూడాలి, వెంటనే చూడాలి, అంతే. ఫైలు పేరు చివర ఏపీకే అనే అక్షరాలున్నాయి. అలాంటిది వస్తే అది పత్రిక కాదు, యాప్ అని ఊరందరికీ చెప్పినదాన్ని నేనే. 'ఇది మీ ఫోనుకు హాని చేయవచ్చు' అంది ఫోను. సరే అని నొక్కాను. 'మెసేజీలు చూడనివ్వాలా?' అంది. చూసుకో. 'కాంటాక్టులు?' తీసుకో తల్లీ, ముందు ఆ పేరు చూపించు!

పేరూ లేదు, పెండ్లికూతురూ లేదు. స్క్రీను మీద ఏదో గిర్రున తిరిగింది, అంతే. పది నిమిషాల్లో మా ఆఫీసు మేనేజరమ్మ నుంచి ఫోను. "ఎన్నమ్మా, కల్యాణమా? సొల్లవే ఇల్లియే!" చెప్పనే లేదేమని ఆవిడ నిష్ఠూరం. అదే పత్రిక నా నంబరు నుంచి నా కాంటాక్టులందరికీ పోయిందని అప్పుడు వెలిగింది. ఫోనును మొత్తంగా ఆపేసి, దాంట్లో దాచిన పాస్‌వర్డ్ కోసం కూడా మళ్లీ తెరవడానికి భయపడి, నాయన దగ్గరికి పరిగెత్తాను. ఆ పత్రిక అందినవాళ్లెవరైనా తెరిస్తే వాళ్ల బ్యాంకు మెసేజీలు కూడా దొంగల చేతిలో పడతాయి.

"నాయనా, నీ ఫోను తెరువు!"

"ఈడ తెరిస్తే యాడ తెరుచుకుంటాది? మోటారు షెడ్డు కాడికి పోవల్ల."

"షెడ్డుకెందుకు?"

"పాస్‌వర్డ్ ఆడ గోడ మీద రాసినా. ఆడికెవురొస్తారు, బర్రెలు చదువుతాయా?"

ఇన్నాళ్లూ నాయన షెడ్డుకు పోయి ఫోను తెరిచి, అక్కడే మాట్లాడి, మూసి ఇంటికి వచ్చేవాడట. ఇద్దరం గట్ల మీద పడి పరిగెత్తాం. మోటారు హోరులో నాయన గోడ చూసి అరుస్తున్నాడు, నేను నొక్కుతున్నాను. "పెద్ద టీ! చిన్న ఆర్! ఏడు! ఇంగ కొక్కి మాదిరి ఒగటుంది!" పక్క చేలో చెనిక్కాయలకు కలుపు తీస్తున్న ఆడవాళ్లు తలలెత్తారు. "కొక్కి కాదన్నా, మొన్న కొడవలి అని చదివినావే!" అంది ఒకావిడ. నిజమే, కొడవలే. ఫోను తెరుచుకుంది.

ముందు బ్యాంకుకు ఫోన్ చేసి నా ఖాతా ఆపించాను. తర్వాత అమ్మ అందుకుంది. చుట్టాలందరికీ వరసగా ఒకటే మాట: "మా పాపకు పెండ్లీ లేదు, గిండ్లీ లేదు. ఆ పత్రిక తెరవద్దండి." నలభై ఇళ్లకు నాకు పెండ్లి లేదని దండోరా అయింది. "పోనీలే అక్కా, ఇంగో సంబంధం రాకుండా పోతాదా" అని ఓదార్చినవాళ్లూ ఉన్నారు. పాండూరు మామ అయితే, "నేనెప్పుడు పంపినాను? ఎవుడో పత్రికంటే నొక్కినా, ఏమీ రాలా" అన్నాడు. మామ ఫోనుకూ అదే జబ్బు. నా ఫోనును మొత్తం తుడిచి మళ్లీ మొదటినుంచి పెట్టుకున్నాను. ఫోటోలన్నీ పోయాయి. (బ్యాకప్ పెట్టుకోమని ఊరంతా చెప్పినదాన్ని, నేను పెట్టుకోలేదు.)

మధ్యాహ్నానికి వాకిట్లో బండి ఆగింది. బావ! ఇంటికి కూడా పోకుండా మల్లెతోట నుంచే ఎండలో అంత దూరం తోలుకొచ్చి, ముఖమంతా దుమ్ము.

"పెండ్లంట?" అన్నాడు. ఈసారి గొంతు సవరించుకోలేదు.

"లేదు. వైరస్."

బావ అరుగు మీద కూలబడి నీళ్లడిగాడు. చెంబు ఖాళీ చేశాక అడిగాను, "నువ్వు ఆ ఫైలు తెరిచినావా?"

"లేదు."

"మంచి పని చేసినావు. ఏపీకే అని చూసి ఆగినావా?"

"అదేందో నాకేం తెలుసు? తెరిస్తే పెండ్లికొడుకు పేరు కనపడతాదని తెరవలా."

లోపల అమ్మ చేతిలో గరిటె చప్పుడు ఆగిపోయింది. నేనెందుకు తెరిచానో బావ అడిగాడు. చెంబు మళ్లీ నింపి తెచ్చి చేతిలో పెట్టాను, ఇక చెప్పాల్సిన పని లేకపోయింది.

మరుసటేడు మా పత్రికలు కాగితం మీదే అచ్చు వేయించి, ఇంటింటికీ పోయి చేతికిచ్చాం. అయినా ఇద్దరు ముగ్గురు నిజమేనా అని అమ్మకు ఫోన్ చేసి కనుక్కున్నారు. ఇప్పుడు నా ఫోను కట్టుదిట్టంగానే ఉంది. ఒక్కటే దిగులు. లోకానికంతా జాగ్రత్తలు చెప్పి, ఒక పేరు కోసం అన్నిటికీ సరే అనేసిన ఆ పిల్ల ముఖం చూద్దామంటే ఆనాటి ఫోటో ఒక్కటీ మిగల్లేదు. ఎలా ఉండేదాన్నని బావనడిగితే, "తడిసిన కోడిపెట్ట మాదిరి నిలబడుంటివి" అంటాడు. కాదని వాదించడానికి నా దగ్గర ఆధారం లేదు.