సెక్రటరీగారి అమ్మ సాక్ష్యం

నేను క్షమించే మనిషిని కాను. ఇరవయ్యేళ్ళుగా గుణదలలో మా వీధి చివరి చర్చికి వెళ్తున్నాను. క్షమాపణ గురించి వినని ఆదివారం లేదు, అయినా ఈ గుణం పోలేదు. ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది.

కరోనా రోజుల్లో చర్చికి తాళం పడితే, ఒక యాప్‌లో చర్చి పేరున పేజీ తెరిచి మొదటిసారి లైవ్ పెట్టింది నేనే. గవర్నర్‌పేటలో నాకో చిన్న జెరాక్స్, నెట్ షాపు ఉంది. ఫోన్లతో, పాస్‌వర్డ్‌లతో తంటాలు నాకు అలవాటే. పాస్టరుగారు ఖాళీ హాలుకేసి చూస్తూ వాక్యం చెబుతుంటే, ఎదురుగా కుర్చీ మీద కుర్చీ వేసి, పైదానికి నా ఫోన్‌ని రబ్బరు బ్యాండుతో కట్టి పక్కన నిలబడేదాన్ని. తాళం తీశాక కూడా లైవ్ ఆపలేదు. మంచం పట్టినవాళ్ళు, ఊరు మారినవాళ్ళు కామెంట్లలో ప్రార్థన మనవులు పెట్టేవారు. వాటిని కాగితం మీద రాసి పాస్టరుగారికి అందించేదాన్ని. జ్వరం వచ్చినా ఒక్క ఆదివారం మానలేదు.

తర్వాత ఆ యాప్‌వాళ్ళు పద్ధతి మార్చారు. పొడుగు వీడియోలు ఎవరికీ చూపించడం లేదు, నిలువుగా ఉండే చిన్న రీల్స్ అయితే ఊరంతా చూపిస్తున్నారు. ఈ సంగతి మా చర్చి సెక్రటరీగారికి ఎవరో చెప్పారు. ఒక ఆదివారం ప్రకటనల సమయంలో ఆయన మైకు పట్టుకున్నాడు.

"సిస్టర్‌గారి ఫోన్లో క్లారిటీ ఉండట్లేదండీ. ఇవాళ్టి నుంచి మీడియా పని నేనే చూసుకుంటాను. సిస్టర్‌గారు హాయిగా వెనకాల కూర్చుని వాక్యం వినొచ్చు."

కొందరు నవ్వారు. ఎవరెవరు నవ్వారో, ఏ వరుసలో కూర్చున్నారో కూడా నాకు గుర్తుంది. మధ్యాహ్నానికి నన్ను మీడియా వాట్సాప్ గ్రూపులోంచి తీసేశాడు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే. ఇక ఆయన చేసిన మొదటి రీల్ చూడాలి. క్వయర్‌లో తొమ్మిది మంది పాడుతుంటే ఆ నిలువు చట్రంలో పట్టింది ముగ్గురే. మిగతా ఆరుగురి గొంతులు మాత్రం వినపడ్డాయి. చూసి కడుపుబ్బా నవ్వుకున్నాను.

గ్రూపులోంచి తీసేస్తే పేజీలోంచి కూడా పోతానని ఆయన అనుకున్నాడు. మా చర్చిలో పెళ్ళయినా, చావయినా, పదవైనా అన్నీ గ్రూపులోనే జరుగుతాయి మరి. ఆ పేజీ నా మెయిల్‌తో తెరిచిందని ఆయనకి తట్టలేదు.

అందుకే యాప్‌వాళ్ళ నోటీసు ఒకటి నాకూ వచ్చింది. లైవ్‌లు ఇకమీదట నెల రోజులే ఉంటాయనీ, పాతవి కావాలంటే గడువులోగా దించుకోవాలనీ. ఆయనకీ వచ్చే ఉంటుంది. మీ పేజీ మూసేస్తామని రోజుకో దొంగ మెసేజ్ వచ్చే కాలం కదా, ఇదీ అలాంటిదేననుకుని ఉంటాడు. నేను ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. షాపులో బేరాల్లేని వేళల్లో కూర్చుని వీడియోలన్నీ నా హార్డ్ డిస్క్‌లోకి దించుకున్నాను. గడువు దాటాక పేజీ తెరిచి చూస్తే పాత లైవ్ ఒక్కటీ లేదు. ప్రాణానికి హాయిగా అనిపించింది.

ఆయన నా దగ్గరికి రాక తప్పదని తెలుసు. వచ్చాడు. నన్ను తీసేయడానికి రెండు నెలల ముందు, మేమంతా మామ్మగారని పిలిచే వాళ్ళమ్మగారు పోయారు. ఏడాది జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాడు. బంధువులందరి ముందు తెర మీద, ఆవిడ చర్చిలో నిలబడి దేవుడి మేలు చెప్పుకున్న సాక్ష్యం ఒకటి వేయాలని పేజీలో వెతికితే ఏమీ దొరకలేదట. షాపు మెట్ల మీద నిలబడి, "అమ్మ గొంతు ఇంకెక్కడా లేదు సిస్టర్. మీ దగ్గరేమైనా ఉందా?" అని అడిగాడు.

"క్లారిటీ ఉండదండీ," అన్నాను.

"ఫర్వాలేదండీ. ఏదో ఒకటి ఇవ్వండి."

ఏదో ఒకటి అన్నాడు. ఏది ఇవ్వాలో నాకు ఆ క్షణమే తెలుసు.

మామ్మగారు శుక్రవారం ఉపవాస ప్రార్థనకి తప్పకుండా వచ్చేవారు. సాక్ష్యాల సమయంలో అందరూ పాస్టరుగారి వైపు తిరిగి మాట్లాడితే, ఆవిడ మాత్రం నా ఫోన్ వైపు తిరిగేవారు. ఒక శుక్రవారం లైవ్ ఆపాక నా చెయ్యి పట్టుకుని, "ఇది మావాడికి పంపమ్మా," అన్నారు. ఆ లింకు అప్పుడే ఆయనకి పంపాను. ఆ వీడియోనే ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కూడికకి వెళ్ళాను.

తెర మీద మామ్మగారు తెల్లచీర కొంగు సర్దుకున్నారు. "మోకాళ్ళ నొప్పులు తగ్గించమని అడగట్లేదు ప్రభువా. మావాడు రోజుకొక్కసారి నా గదిలోకొచ్చి కూర్చునేలా చెయ్యి. వాడు ఎప్పుడూ ఫోన్లోనే ఉంటాడు. ఇలా ఫోన్లో కనపడితేనైనా చూస్తాడేమోనని దీనికి ఎదురుగా నిలబడ్డాను."

నేను తెర చూడలేదు, ఆయన మొహమే చూశాను. అందుకే వచ్చాను. ఆరోజు నవ్విన వరుసలు ఇవాళ ఆయన వైపు తిరగడం చూశాను. ఆయన తల దించుకోలేదు. కళ్ళు తుడుచుకోకుండానే, "ఇంకోసారి వెయ్యండి," అన్నాడు. వేశాను. మళ్ళీ వెయ్యమన్నాడు. మూడోసారి నాకే కోపం వచ్చింది. నేను తెచ్చింది దెబ్బ, ఆయన దాన్ని కానుకలా తీసుకుంటున్నాడు. భోజనాల దగ్గర నలుగురు నా చెయ్యి పట్టుకుని ఎంత మంచి మనసమ్మా అన్నారు. బిరియాని ప్లేటు అక్కడే పెట్టేసి లేచాను.

వెళ్ళేటప్పుడు ఆయన నా వెనకే గేటు దాకా వచ్చాడు. "అది నాకు వాట్సాప్‌లో పంపుతారా? రోజుకొక్కసారి చూసుకుంటాను."

"ఆవిడ ఉన్నప్పుడు చూడాల్సిందండీ," అన్నాను. తలూపాడు.

అక్కడే నిలబడి ఆయన నంబరు తెరిచాను. మా మధ్య ఉన్నది ఒక్కటే మెసేజ్, ఆ శుక్రవారం మామ్మగారు నాచేత పంపించిన లింకు. ఇన్నాళ్ళూ ఆ రెండు టిక్కులూ బూడిద రంగులోనే ఉండిపోయాయి. దాని కింద వీడియో పెట్టాను. ఆయన వెంటనే తెరిచాడు. కొత్తదానితో పాటు పాతదాని పక్కన కూడా టిక్కులు నీలంగా మారాయి. ఆయన ముందు పాతదాన్నే నొక్కాడు. గడువు దాటిన ఆ లింకులో ఏమీ రాలేదు.