మా అత్తయ్య గొంతులో అమెరికా ఇల్లాలు

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు గాని, ఒక పాత అమెరికా హాస్య సీరియల్లో ఒకప్పుడు నా నవ్వు ఉండేది. మొన్న ఫిలింనగర్‌లో కొత్తగా తెరిచిన జిమ్‌కు స్నేహితురాలి వెంట వెళ్ళి, నేల కిందికి మెట్లు దిగుతుంటే, ఏసీ చల్లదనంలో చెమ్మపట్టిన తివాచీ వాసన ముక్కుకు తగిలి ఆ సంగతి మళ్ళీ గుర్తొచ్చింది. అద్దాల ముందు జనం బరువులెత్తుతున్నారు, పాటలు హోరెత్తుతున్నాయి, నాకు మాత్రం ఆ వాసనలోంచి ఒక చీకటి గది, గది చివర చిన్న తెర, తెర మీద నలుపు తెలుపుల్లో మెడకు ముత్యాల దండ, కాళ్ళకు ఎత్తుమడమల చెప్పులు వేసుకుని పొయ్యి దగ్గర గుడ్డు వేయిస్తున్న ఒక అమెరికా ఇల్లాలు కనిపించింది. నా చిన్నప్పుడు ఆ జిమ్ ఉన్నచోట డబ్బింగ్ థియేటర్ ఉండేది.

మేము కృష్ణానగర్‌లో ఒక మేడ మీద రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. కింద సందులో పొద్దున్నే డాన్సు నేర్చుకునేవాళ్ళ చప్పట్లు, మధ్యాహ్నం ఎవరో వేషం కోసం పెద్దగా వల్లె వేసుకునే డైలాగులు, సాయంత్రం మిరపకాయ బజ్జీల నూనె వాసన, వాన పడితే గుట్ట మీంచి కొట్టుకొచ్చే ఎర్రమట్టి. అమ్మా నాన్నా ఉద్యోగాలకు పోతే, బడి లేని రోజుల్లో నేను మా అత్తయ్య కొంగు పట్టుకుని తిరిగేదాన్ని. అత్తయ్య అంటే నాన్నకు అక్క. బాపట్ల వైపు పల్లెలో పుట్టి, మేనత్త కొడుకునే చేసుకుని, ఆయనతో పాటు ఈ ఊరొచ్చింది. నాకు ఊహ తెలియకముందే మావయ్య పోయారు. ఆయన ఫొటో దగ్గర రోజూ ఒక మందారం పెట్టేది గాని, ఆయన మాట మాత్రం ఎత్తేది కాదు.

అత్తయ్య డబ్బింగ్ చెప్పేది. పెళ్ళి పందిట్లో ఆడవాళ్ళ గోల, “డాక్టరుగారు రమ్మంటున్నారు” అనే నర్సు, ఇల్లు కూలుతుంటే పెట్టే కేక, ఇవన్నీ ఆమెవే. హీరోయిన్ స్నేహితురాలి గొంతు దాకా ఎక్కి అక్కడ ఆగిపోయింది. గొంతును మాత్రం పసిబిడ్డలా చూసుకునేది. ఎండాకాలంలో ఇంటిల్లిపాదికీ ఆవకాయ కలిపి, చేతులు కడుక్కుని, తను చప్పిడి పప్పుతో తినేది. సందులో అందరూ ఐసు వేసిన గోలీసోడా తాగుతుంటే తను మిరియాల పాలు ఊదుకుంటూ తాగేది. బుగ్గన ఎప్పుడూ అతిమధురం పుల్ల ఉండేది; ఆమె ముద్దు పెట్టుకుంటే నా చెంపకు కూడా ఆ తీపి వాసన అంటేది.

అలాంటి అత్తయ్యకు మొదటిసారి ఒక కథానాయిక గొంతు దొరికింది, అదీ ఒక అమెరికా మనిషిది. ఒక చిన్న టీవీ ఛానల్ వాళ్ళు ఎక్కడో చవగ్గా దొరికిన యాభై అరవై ఏళ్ళనాటి సీరియల్ కొని తెలుగులోకి మార్పిస్తున్నారు. తిరుగులేని అబద్ధం ఆడాననుకుని వారానికొక ఆపదలో పడే ఇల్లాలు, బాబ్ అనే మొగుడు, పక్కింటి ముసలావిడ, అంతే. ఇంటి ముందు కంచె లేని పచ్చిక, పాలసీసాలు పెట్టిపోయే మనిషి, తలుపు తీస్తే దానంతటదే దీపం వెలిగే ఫ్రిజ్, వీటిని మేం నోరు తెరుచుకుని చూసేవాళ్ళం. కథ అయిపోయాక ఆ దంపతులే తెర ముందుకొచ్చి, మన వైపు చూసి నవ్వుతూ సబ్బు కొనమనేవారు. పడకగదిలో మొగుడికొక మంచం, పెళ్ళానికొక మంచం, మధ్యలో బల్ల. దాని మీద మా కృష్ణానగర్ ఆడవాళ్ళు చాలారోజులు తర్కించారు.

“గంత పెద్ద ఇల్లుండి గిదేం కాపురమే? కొట్లాడుకున్నరా ఏంది?” అనేది సత్తెమ్మక్క. ఆమె సినిమాల్లో గుంపులో నిలబడే మనిషి. గట్టిగా మాట్లాడితే పక్క సందులో కుక్క లేచేది.

అత్తయ్యకు ఇంగ్లీషు రాదు. కాని ఆ నటి ఊపిరి ఎక్కడ తీస్తుందో, అబద్ధానికి ముందు గుటక ఎలా వేస్తుందో హెడ్‌ఫోన్లలో విని పట్టేసేది. “ఇది నాటకాల్లోంచి వచ్చిన మనిషే బుజ్జీ, పడ్డప్పుడు చూడు, ముందు మోకాలు ఆనిస్తుంది, దెబ్బ తగలకుండా” అనేది. ఆ నటి ఎప్పుడో పోయిందని ఛానల్ ఆయన ఒకరోజు మాటవరసకి అంటే అతిమధురం పుల్ల ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుంది. తరవాత “పోతే ఏం, రేపు పొద్దున్నే మాటలు చెప్పాలిగా” అని పాలు కాచుకుంది.

ఆ టేపుల్లో మాటలూ, చూసేవాళ్ళ నవ్వులూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. మాటలు తీసేస్తే నవ్వులు కూడా పోతాయి. అందుకని ఎప్పటివో ఆ అమెరికా జనం నవ్వుల చోట కృష్ణానగర్ జనం నవ్వాలి. సత్తెమ్మక్క, మరో పదిమంది తివాచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే, అద్దం గదిలోంచి సౌండ్ ఇంజనీరు యాదగిరన్న తువ్వాలు ఎత్తేవాడు, ఎత్తగానే నవ్వాలి, దించగానే ఆపాలి. మొగుడు ఆఫీసు గురించి ఏదో అంటే అమెరికా వాళ్ళు పడీపడీ నవ్వారు, మావాళ్ళకు అందులో ఏమీ దొరకదు. రెండు మంచాలు కనపడగానే మావాళ్ళు ఆగలేరు, అక్కడ తువ్వాలు లేవదు. “మీరు నవ్వేకాడ నవ్వరు, నవ్వొద్దన్నకాడ నవ్వుతరు, మీతోని నా పానం పోతున్నది” అని యాదగిరన్న మొత్తుకునేవాడు. బతుకమ్మ పండగ మర్నాడు మాత్రం ఇంటి నుంచి రొట్టె, బెల్లం నలిపి కట్టిన మలీద ముద్దలు డబ్బా నిండా తెచ్చి, “తిని నవ్వుండ్రి” అని పంచాడు. నేను వాళ్ళ వెనక గోడకానుకుని కూర్చునేదాన్ని. బడిలో పేరు పిలిస్తే పలకడానికే భయపడే పిల్లను, పదిమందిలో నవ్వమంటే ఎలా నవ్వుతాను? నోరు మాత్రం తెరిచేదాన్ని.

చిక్కు ఒక్క పిలుపు దగ్గర వచ్చింది. అడుగడుగునా ఆ ఇల్లాలు మొగుణ్ణి “బాబ్!” అని పిలుస్తుంది. రచయితగారు దాన్ని “ఏమండీ” అని రాశారు. తెర మీద ఆమె పెదాలు గట్టిగా మూసుకుని తెరుచుకుంటాయి, అత్తయ్య నోట బార్లా తెరుచుకున్న “ఏ” వస్తుంది. ఎక్కడో పక్కవాళ్ళింట్లోంచి ఎవరో పిలిచినట్టు ఉండేది.

“లిప్ కలవట్లేదు మేడమ్” అన్నాడు ఛానల్ ఆయన. “బాబ్ అనే చెప్పేయండి.”

“మొగుణ్ణి పేరు పెట్టా?”

“అమెరికా అండీ అది!”

“ఇల్లు అమెరికాలోదే. చూసేది మా సందులోనండీ.”

అయినా చెప్పింది. “బాబ్!” తువ్వాలు లేచింది. ఒక్కరూ నవ్వలేదు.

“గదేందక్కా, మొగన్ని కుక్కపిల్లను పిలిచినట్టు పిలుస్తున్నవ్!” అంది సత్తెమ్మక్క.

సాయంత్రం అందరూ వెళ్ళాక యాదగిరన్న మెట్ల దాకా వచ్చాడు. “అక్కా, రేపొక్కరోజే. కలవకపోతే ఎల్లుండికెల్లి వాళ్ళ ఛానల్ యాంకర్ పిల్లతోని చెప్పిస్తరంట. నేను జర చెప్పి చూసిన, ఇనలే.”

అత్తయ్య సరేనంది. గుట్ట దిగి ఇంటికి వస్తుంటే దారి పొడుగునా పెదాలు మూసి తెరుస్తూనే ఉంది. ఇంట్లో బియ్యం కడుగుతూ “బాబూ” అని చూసింది, కొడుకును పిలిచినట్టుందని కొట్టేసింది. “బంగారం” అని, మరీ సినిమాగా ఉందని తనే నవ్వింది. “మావా” అని చూసి, జాతరలో పాటలా ఉందంది. ఆ వరసలో రావలసిన మాట ఇంకొకటి ఉందని గాని, అది ఆమె నోటికి ఎందుకు రావడం లేదో గాని అప్పట్లో నాకు తెలియదు. ఆ రాత్రి కందిపచ్చడి రుచి కూడా చూడకుండా లేచిపోయింది.

మర్నాటి సన్నివేశంలో ఇల్లాలు, మొగుడి పై అధికారి టోపీ మీద కేకు పడేసి, టోపీని వీపు వెనక దాచుకుని, మొగుడు లోపలికి వస్తుంటే కళ్ళు టపటపలాడిస్తూ పిలుస్తుంది. ఛానల్ ఆయన అద్దం గదిలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గది చీకటైంది. తెర మీద పెదాలు మూసుకున్నాయి, తెరుచుకున్నాయి.

“బావా!”

సగం బతిమాలుతూ, సగం భయపడుతూ, చివర కాస్త సాగదీసి. సత్తెమ్మక్క, తువ్వాలు లేవకముందే, తివాచీ మీద అరచేత్తో కొట్టుకుంటూ నవ్వింది. ఆమె వెనక అందరూ. ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి, కొంగులు నోట్లో కుక్కుకుని, కన్నీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. మాటలు చెప్పేటప్పుడు చప్పుడు చేయకూడదన్న నియమం ఎవరికీ గుర్తులేదు. నేను అత్తయ్యనే చూస్తున్నాను. ఆమె ఎడమ చెయ్యి ముందున్న స్టాండును గట్టిగా పట్టుకుని ఉంది, తెర వెలుగులో చెంప తడిగా మెరిసింది. ఆ ఇంట్లో అన్నేళ్ళలో నేనెప్పుడూ వినని మాట అది. మావయ్యను ఆమె అలాగే పిలిచేదని అమ్మ చెప్తే తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం, తడి చెంపతోనే అత్తయ్య మళ్ళీ తెర వైపు చూసి, ఆ ఇల్లాలి తరువాతి అబద్ధం గుటక వేసి మరీ అందుకునేసరికి, అందరూ నవ్వడం ఆపాక, నా నవ్వు ఒక్కటే గట్టిగా బయటికొచ్చింది.

“ఆఖరికి నవ్వింది ఎవరే?” మైకులో యాదగిరన్న అడిగాడు. నేను సత్తెమ్మక్క వీపు వెనక దాక్కున్నాను. “సరే తీ, గట్లనే ఉండనియ్. మంచిగున్నది.”

ఛానల్ ఆయన రెండుసార్లు వేయించుకుని చూశాడు. మాట పెదాల మీద తన ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుంది. “ఈవిడే చెప్తారు” అని వెళ్ళిపోయాడు. ఇక ఆ తరవాత ఆ అమెరికా వీధి మొత్తానికి వరసలు కలిపేశారు. పక్కింటి ముసలావిడ పిన్ని అయింది, పాలసీసాల మనిషి తమ్ముడయ్యాడు. కూరగాయల బండి దగ్గర అత్తయ్య నోరు విప్పితే చాలు, “అమెరికక్కా, బావ మంచిగున్నడా?” అని అడిగేవాళ్ళు. “ఆఫీసుకెళ్ళాడమ్మా” అని అదే గొంతుతో చెప్పి, కొసరుగా రెండు పచ్చిమిరపకాయలు తెచ్చుకునేది. ఇంట్లో కూడా ఏదో గడియ తీసినట్టయింది. మావయ్య ఏ కూర ఇష్టంగా తినేవారో, సైకిలు నేర్పుతానని తనను ఎలా కాలవలో పడేశారో, అన్నం కలుపుతూ చెప్పడం మొదలుపెట్టింది.

ఆ ఛానల్ కొన్నేళ్ళకే మూతబడింది. టేపుల మీద వేరే కార్యక్రమాలు ఎక్కించేశారట, ఒక్క ముక్క కూడా మిగల్లేదని యాదగిరన్నే చెప్పాడు. కృష్ణానగర్‌లో మేమున్న మేడ పడగొట్టి హాస్టల్ కట్టారు. ఆ సీరియల్ ఇప్పుడు నా ఫోన్లో దొరుకుతోంది, శుభ్రంగా, అసలు మాటలతో, అసలు నవ్వులతో. ఇంగ్లీషు బాగానే అర్థమవుతుంది నాకు, అయినా ఆ నటి తన సొంత గొంతుతో మాట్లాడుతుంటే ఎవరో ఆవిడకు డబ్బింగ్ చెప్పినట్టే ఉంటుంది.

కిందటేడు అత్తయ్యకు గొంతులో గడ్డ వచ్చింది. స్వరపేటిక తీసేయక తప్పదన్నారు. ఇప్పుడు బాగానే ఉంది. ఈ ఏడు ఆవకాయ కలిపి, మొదటి ముద్ద తనే తింది. నన్ను పిలవాలంటే గరిటెతో గిన్నె మీద కొడుతుంది, కోపం వస్తే రెండుసార్లు కొడుతుంది. ఆపరేషన్ రోజు పొద్దున్న ఆమెను లోపలికి తీసుకెళ్తుంటే, ఇక వినబోని ఆ గొంతును ఎక్కడా వదలకుండా వినాలని మంచం పక్కనే నడిచాను. మావయ్య గురించి ఏమైనా అంటుందనుకున్నాను. తలుపు దగ్గర నా మణికట్టు పట్టుకుని ఆపి, కనుబొమలు ఎగరేసి, ఎంతో ముఖ్యమైన సంగతి చెప్తున్నట్టు అంది:

“ఇంక ఆటోవాళ్ళతో బేరం నువ్వే ఆడాలే బుజ్జీ. నసగకు, గట్టిగా అడుగు.”